తూర్పు గుమ్మం నుంచి స్వదేశానికి

దేశ బహిష్కారానికి గురైన రచయిత తిరిగి రావడాన్ని చిత్రించే డాక్యుమెంటరీ పైకి ఒక మనిషి కథలా కనిపించినా, ఆయన్ని వెళ్లగొట్టిన రాజ్యం ఏమైంది, దాని కింద బతికిన జనం ఏ స్థితిలో మిగిలారు అన్న ప్రశ్నలకే ఎక్కువగా జవాబు చెబుతుంది. 1994లో అలెగ్జాండర్ సోల్జెనిత్సిన్ రష్యాకు తిరిగి వెళ్లినప్పుడు బీబీసీ బృందం వెంట ఉండి చిత్రీకరించిన ప్రయాణం ఇందుకు తగిన ఉదాహరణ. భిలాయి సెక్టర్ 6లో కూర్చుని చూసే తెలుగువారికి ఆ ప్రయాణం మరీ పరాయిది కాదు, ఎందుకంటే ఈ ఊరి పుట్టుకే 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాలు కుదుర్చుకున్న ఒప్పందంలో ఉంది.

ఏడాదికి పది లక్షల టన్నుల ఉక్కు లక్ష్యంగా కట్టిన ఇక్కడి కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను, అంటే ఇనుప ఖనిజాన్ని కరిగించే కొలిమిని, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ప్లాంటు క్వార్టర్లలో స్థిరపడిన కుటుంబాలు రష్యాను యంత్రాల ద్వారా, నిపుణుల ద్వారా ఎరిగితే, పుస్తకాలు చదివే తెలుగువారు మాస్కో ప్రగతి ప్రచురణాలయం చౌకగా పంపిన అనువాదాల ద్వారా ఎరిగారు. ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలోనే ఉండి తెలుగు చేసిన ఆ సాహిత్యంలో సోల్జెనిత్సిన్‌కు చోటు దొరికే వీలే లేదు.

స్టాలిన్‌ను విమర్శిస్తూ మిత్రుడికి ఉత్తరాలు రాసినందుకు 1945లో అరెస్టయి ఎనిమిదేళ్ల శిక్ష అనుభవించిన ఆయనకు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది. సోవియట్ నిర్బంధ శ్రమ శిబిరాల వ్యవస్థ పేరు గులాగ్. దాని చరిత్రను ఆయన గ్రంథస్తం చేయగా తొలి సంపుటి 1973 చివర పారిస్‌లో వెలువడింది. 1974 ఫిబ్రవరి 13న ప్రభుత్వం పౌరసత్వాన్ని రద్దు చేసి ఆయన్ని పశ్చిమ జర్మనీకి పంపేసింది. జ్యూరిక్‌లో కొంతకాలం గడిపాక, 1976 నుంచి అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో నివసించారు. 1990లో పౌరసత్వం తిరిగి దక్కినా, ప్రయాణానికి మరో నాలుగేళ్లు పట్టింది.

1994 మే 27న ఆయన నేరుగా మాస్కోలో దిగకుండా, అలాస్కా మీదుగా దేశానికి తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో తొలి అడుగు పెట్టారు. కొలిమా శిబిరాలకు ఖైదీలను తరలించిన రేవు అదే కాబట్టి, తన రాకను ముందుగా అక్కడి మృతులకు నివేదించినట్టయింది. వ్లాదివొస్తోక్ నుంచి రైల్లో బయలుదేరి, ఖబారొవ్‌స్క్, ఇర్కూత్‌స్క్, నొవొసిబీర్‌స్క్ వంటి ఊళ్లలో ఆగుతూ, సభల్లోనూ ప్లాట్‌ఫారాల మీదా జనం చెప్పింది వింటూ, నోటు పుస్తకంలో రాసుకుంటూ, జూలై 21న గాని మాస్కో చేరలేదు. జనం చెప్పిన వాటిలో శిబిరాల జ్ఞాపకాలకన్నా, 1992లో ధరలపై నియంత్రణ ఎత్తేశాక కరిగిపోయిన పొదుపు, నెలల తరబడి అందని జీతాలు ముందుకొచ్చాయి. ఆ యాత్రకు విలువ తెచ్చింది ఇలా వినడమే. ఉక్కు మీద బతికే ఊళ్లో జీతం ఆగడమంటే ఏమిటో వేరే వివరించనక్కర లేదు.

రైలు బోగీల ఖర్చు బీబీసీ భరించడం వల్ల ఇదంతా ముందే ఏర్పాటు చేసుకున్న ప్రదర్శన అన్న విమర్శ మాస్కోలో వినిపించింది. అందులో కొంత నిజం లేకపోలేదు: డెబ్భై అయిదేళ్ల రచయిత గడ్డం, నడక, మౌనం కూడా కెమెరాకు నప్పేవే. అయితే ప్రయాణానికి డబ్బు పెట్టినవారు ప్లాట్‌ఫారం మీది ఫిర్యాదులను రాసివ్వలేరు. నాలుగేళ్ల తర్వాత సోల్జెనిత్సిన్ మీద దర్శకుడు అలెగ్జాండర్ సొకూరొవ్ తీసిన చిత్రంలో ఆ జనసందోహం లేదు. ఇంట్లో సాగే సంభాషణే అందులో ఎక్కువ.

మాస్కో చేరాక అదే ఏడాది అక్టోబరు 28న ఆయన డూమాలో, అంటే పార్లమెంటు దిగువ సభలో, ప్రజల నోట విన్న కష్టాలను వినిపించగా సభ్యుల స్పందన చప్పగా ఉండిపోయింది. తర్వాత పావుగంట నిడివితో మొదలైన ఆయన టీవీ కార్యక్రమాన్ని 1995 సెప్టెంబరులో ఆపేశారు.