తుపాకీ చేతిలో ఉంది.. హక్కు ఎంతవరకు?

రాత్రి రెండు దాటింది. చేలో మోటారు దగ్గర టార్చిలైటు వెలుగు కదిలింది. కేబుల్ వైరు కోస్తున్న చప్పుడు. మొన్ననే ఇదే వైరు పోతే అప్పు చేసి మళ్లీ వేయించుకున్న రైతు మంచె మీద లేచి కూర్చున్నాడు. పక్కనే లైసెన్సు తుపాకీ ఉంది. కాల్చొచ్చా? కాల్చకూడదా?

ఈ ప్రశ్న మన పల్లెల్లో ఏ రచ్చకట్ట మీద వేసినా వినిపించే జవాబు ఒకటే. "నా చేను, నా మోటారు, నా తుపాకీ. కాల్చడానికి కాకపోతే లైసెన్సు ఎందుకిచ్చినట్టు?" వినడానికి బాగానే ఉంటుంది. కోర్టులో మాత్రం నిలబడదు. వైరు కోసుకుపోయే దొంగను కాల్చి చంపితే ఆ రైతు హత్య కేసులో ముద్దాయి అవుతాడు. పోయిన వైరు మళ్లీ కొనుక్కోవచ్చు. జైల్లో పోయిన ఏళ్లను ఎవరు తెచ్చిస్తారు?

బళ్లారి, హోసూరు, బరంపురం, రాయగడ, సిరొంచ, యానాం.. మనం ఏ రాష్ట్రంలో ఉన్నా ఆత్మరక్షణ చట్టం ఒక్కటే. ఆ చట్టం ఏం చెబుతుందో మన భాషలో మనకు చెప్పినవాళ్లు మాత్రం లేరు. లైసెన్సు పుస్తకం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, ఇంగ్లీషులోనో ఉంటుంది. సంతకం పెట్టి తెచ్చుకుని బీరువాలో పెడతాం. అసలు ముప్పు అక్కడే ఉంది.

లైసెన్సు తుపాకీకే.. కాల్పులకు కాదు

1959 ఆయుధాల చట్టం తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి అనుమతి ఇస్తుంది. గొట్టం 20 అంగుళాలకు తగ్గని తుపాకీ రక్షణకు, క్రీడకు. ముందు నుంచి మందు దట్టించే తుపాకీ పంట కాపలాకు. మనిషిని ఎప్పుడు కాల్చవచ్చు అన్నది ఆ చట్టంలో లేదు. అది శిక్షాస్మృతిలో ఉంది. పాత ఐపీసీలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు అయ్యాయి. అంకెలు మారాయి గానీ సారం దాదాపు అదే.

ఇంకో మాట. ఈ హక్కు తుపాకీ ఉన్నవాడికి ఎక్కువ, కర్ర పట్టుకున్నవాడికి తక్కువ అని లేదు. అందరికీ సమానమే. తేడా ఒక్కటే. కర్రతో తప్పు చేస్తే చాలాసార్లు చెయ్యి విరుగుతుంది. తుపాకీతో తప్పు చేస్తే ప్రాణం పోతుంది.

ప్రాణం తీసే వరకు ఎప్పుడు?

38వ సెక్షన్ ఏడు సందర్భాలు చెబుతుంది. ఎదుటివాడి దాడితో ప్రాణం పోతుందన్న సహేతుకమైన భయం ఉన్నప్పుడు, తీవ్ర గాయం తప్పదన్న భయం ఉన్నప్పుడు, అత్యాచారం చేయబోయినప్పుడు, అసహజ లైంగిక దాడికి దిగినప్పుడు, మనిషిని అపహరించబోయినప్పుడు, అధికారుల సాయం అందే దారి లేకుండా బంధించబోయినప్పుడు, ఆసిడ్ దాడికి దిగినప్పుడు. వీటిలో అవసరమైతే ఎదుటివాడి ప్రాణం పోయినా నేరం కాదు. దాడి మన మీదే జరగాలని లేదు. పక్కింటివాళ్ల మీద జరుగుతున్నా అడ్డుపడే హక్కు ఉంది.

ఆస్తి దగ్గరకు వచ్చేసరికి గీత బాగా వెనక్కి జరుగుతుంది. 41వ సెక్షన్ ప్రకారం దోపిడీ, పొద్దుగూకిన తర్వాత తెల్లారేలోపు ఇంటికి కన్నం వేయడం లేదా తాళం పగలగొట్టి చొరబడటం, మనుషులుండే ఇంటికో సరుకు దాచే కొట్టానికో నిప్పు పెట్టడం.. ఇలాంటి వాటికే ప్రాణం తీసే వరకు హక్కు ఉంది. మామూలు దొంగతనానికి లేదు. దొంగ చేతిలో కొడవలి ఉండి, అడ్డుపడితే నరుకుతాడన్న భయం కలిగే పరిస్థితి ఉంటే అప్పుడు లెక్క మారుతుంది. లేకపోతే మేకను ఎత్తుకుపోతున్నా, టమాటా కోసుకుపోతున్నా, వైరు లాగేస్తున్నా పట్టుకోవచ్చు, అడ్డుకోవచ్చు, అందుకు తగినంత బలం వాడొచ్చు. చంపే హక్కు మాత్రం లేదు.

వీటన్నిటి మీదా 37వ సెక్షన్ కాపలా ఉంది. అవసరానికి మించి హాని చేయకూడదు. పోలీసుల దగ్గరకు వెళ్లే వ్యవధి ఉంటే ఆ దారే పట్టాలి. అంటే పొద్దున ఎవరో బెదిరించాడని సాయంత్రం తుపాకీ తీసుకుని వెళితే అది ఆత్మరక్షణ కాదు, పగ.

ఒకటే పంజాబ్.. రెండు తీర్పులు

పొలం గొడవల్లో తుపాకీ పేలిన రెండు కేసులు చెప్పుకుంటే విషయం తేటగా తెలుస్తుంది. రెండూ పంజాబ్‌వే.

మొదటిది జై దేవ్ కేసు. 1962లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పొలం దగ్గర రెండు వర్గాలు కొట్టుకున్నాయి. మొదట్లో ఆత్మరక్షణ హక్కు ఉందనుకున్నా, అవతలివాళ్లు పారిపోవడం మొదలుపెట్టాక భయానికి కారణం పోయింది, దాంతో హక్కూ ముగిసిందని కోర్టు చెప్పింది. పారిపోయేవాళ్ల మీద కాల్చినందుకు ముద్దాయిలను దోషులుగానే తేల్చింది.

రెండోది దర్శన్ సింగ్ కేసు. 1991లో జరిగిన గొడవ. కళ్లెదుటే తండ్రి తల మీద గండాస దెబ్బ పడింది. పొడుగాటి కర్రకు కత్తి బిగించిన ఆయుధం అది. తండ్రి కూలిపోయాడు. కొట్టినవాడు తన మీదకు వస్తుంటే దర్శన్ సింగ్ తుపాకీ పేల్చాడు. హైకోర్టు శిక్ష వేసింది. 2010 జనవరిలో సుప్రీంకోర్టు నిర్దోషి అంది. ప్రాణం మీదకు వచ్చినప్పుడు పిరికివాడిలా పారిపోవాలని చట్టం అనదని, ఆ క్షణంలో ఉన్నవాడి చేష్టను బంగారం తూచే తక్కెడలో తూచకూడదని కోర్టులు చెబుతూ వచ్చాయి.

తేడా ఎక్కడుంది? ఒకచోట మనిషి మీదకు వస్తున్నాడు. ఇంకోచోట వెనక్కి పోతున్నాడు. ఎదురుగా వచ్చేవాడికి తగిలిన గుండు వేరు, వీపున తగిలిన గుండు వేరు. పోస్టుమార్టం రిపోర్టు అబద్ధం చెప్పదు.

రెండో కేసులో ఇంకో పాఠం ఉంది. న్యాయం దర్శన్ సింగ్ వైపే ఉంది. అయినా కేసు తేలడానికి దాదాపు 19 ఏళ్లు పట్టింది. సరైన గుండు ఖరీదే అంత ఉంటే, తప్పుడు గుండు ఖరీదు ఎంతో ఎవరికి వారే లెక్క వేసుకోవాలి.

హద్దు దాటితే..

నిజంగా ప్రాణభయంతోనే మొదలుపెట్టి, పగ లేకుండా, మంచి ఉద్దేశంతోనే హద్దు దాటితే చట్టం కొంత మెత్తబడుతుంది. అది హత్య కాదు, హత్య కిందికి రాని నేరపూరిత నరహత్య. అయినా 105వ సెక్షన్ కింద, చంపే ఉద్దేశం ఉంటే 5 నుంచి 10 ఏళ్ల జైలో, యావజ్జీవమో తప్పదు. ఆ మెత్తదనం కూడా లేకపోతే 103వ సెక్షన్ కింద యావజ్జీవమో, మరణశిక్షో.

ఆత్మరక్షణ అని రుజువు చేసుకునే బరువు కాల్చినవాడి మీదే ఉంటుంది. ప్రాసిక్యూషన్‌లా అనుమానానికి తావులేకుండా నిరూపించనక్కర్లేదు. జరిగే అవకాశం ఇదే ఎక్కువ అనిపించేలా చూపిస్తే చాలు. అందుకే మనకు తగిలిన దెబ్బలకు డాక్టరు సర్టిఫికెటు, విరిగిన తలుపు, ఎదుటివాడు పారేసిన కత్తి.. ఇవన్నీ ముఖ్యం. వాటిని కదపకూడదు.

"గాల్లోకి కాలిస్తే తప్పేముంది?" అనే అన్నలూ ఉన్నారు. గాల్లోకి పోయిన గుండు ఎక్కడో కింద పడాల్సిందే కదా. 2019 సవరణ తర్వాత, ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా కాల్చినా, పెళ్లిళ్లు జాతరల్లో సంబరానికి కాల్చినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

అడవిపంది మాటా అంతే. 1972 వన్యప్రాణుల చట్టం ప్రకారం మీద పడిన జంతువును ప్రాణరక్షణకు చంపితే నేరం కాదు. ఆ కళేబరం మాత్రం సర్కారుదే. చేలో పడిందని వెంటపడి చంపితే అది ప్రాణరక్షణ కాదు. దానికి అనుమతి వేరేగా ఉండాలి.

మనకు మాత్రమే ఉన్న తిప్పలు

సరిహద్దులో బతికేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మన చేను ఈ రాష్ట్రంలో, అత్తగారి ఊరు ఆ రాష్ట్రంలో. మధ్యలో ఒక వంకో, గట్టో. మనకు అది ఊరి పొలిమేర. చట్టానికి అది రాష్ట్ర సరిహద్దు. లైసెన్సు ఎంత ప్రాంతానికి చెల్లుతుందో పుస్తకంలోనే రాసి ఉంటుంది. కర్ణాటక వరకే చెల్లే తుపాకీని భుజాన వేసుకుని అనంతపురం వైపు జాతరకు పోతే, అక్కడ అది లైసెన్సు లేని తుపాకీ కిందే లెక్క. కాల్చనక్కర్లేదు, పట్టుకుని నిలబడితే చాలు కేసుకు.

బావమరిది తోట కాపలాకు రెండు రోజులు ఇచ్చిన తుపాకీ కూడా అంతే. లైసెన్సు మనిషికి ఇచ్చింది, కుటుంబానికి కాదు. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటే చేసి రసీదు భద్రంగా పెట్టుకోవాలి.

లైసెన్సు లేని నాటు తుపాకీతో ప్రాణం కాపాడుకుంటే? ఆత్మరక్షణ వాదన పోదు. ఆయుధాల చట్టం కింద కేసు మాత్రం వేరేగా మెడకు చుట్టుకుంటుంది.

జరగరానిది జరిగితే..

వెంటనే 112కు ఫోన్ చేయాలి. గాయపడ్డవాడు దొంగే అయినా ఆస్పత్రికి చేర్చే ప్రయత్నం చేయాలి. తుపాకీ దాచకూడదు, తుడవకూడదు, పోలీసులకు అప్పగించాలి. ఊళ్లో పెద్దమనుషులు చెప్పారని కథ మార్చకూడదు. ఒకసారి మార్చిన కథ నిజాన్ని కూడా మింగేస్తుంది.

అరెస్టు చేస్తే ఇష్టమైన వకీలును పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చింది. స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవల సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. అరెస్టు కారణాలను నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది మనలాంటి వాళ్లకు పెద్ద బలం. అర్థంకాని కాగితం మీద గుడ్డిగా సంతకం పెట్టకుండా "తెలుగులో ఇవ్వండి సార్" అని అడగడం ధిక్కారం కాదు.

అడగాల్సింది అడుగుదాం

"పోలీసులు వచ్చేసరికి తెల్లారిపోతుంది, అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా?" అని కోపంగా అడిగే రైతు మాటలో న్యాయం ఉంది. మారుమూల చేలల్లో ఒంటరి కాపలా ఎలా ఉంటుందో టౌనులో ఉన్నవాళ్లకు తెలియదు. గస్తీ పెంచాలని, వైర్ల దొంగలను, ఆ వైర్లు కొనే పాత ఇనుము దుకాణాలను పట్టుకోవాలని గట్టిగా అడగాల్సిందే. దానికి జవాబు తుపాకీ కాకూడదనే నా మాట. ఎందుకంటే ఆ గుండు దొంగ ఇంటినీ కూలుస్తుంది, రైతు ఇంటినీ కూలుస్తుంది.

ప్రభుత్వాలకు కూడా ఒక మాట. తుపాకీ జాగ్రత్తగా పట్టుకోవడం, పేల్చడం, భద్రపరచడం మీద శిక్షణ ఉండాలని 2016 ఆయుధ నిబంధనల్లో ఉంది. ఎలా కాల్చాలో నేర్పేటప్పుడు ఎప్పుడు కాల్చకూడదో కూడా ఒక అరగంట చెబితే ఏం పోతుంది? అదీ మనకు తెలిసిన భాషలో. జిల్లాలోగానీ, తాలూకాలోగానీ జనాభాలో 15 శాతం మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నిబంధనలను, నోటీసులను అనువదించాలని భాషా అల్పసంఖ్యాకుల రక్షణ ఏర్పాట్లు ఎప్పటినుంచో చెబుతున్నాయి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం మన అర్జీ మన భాషలోనే రాసివ్వొచ్చు. కాబట్టి ఈసారి రెన్యువల్‌కు వెళ్లినప్పుడు కలెక్టరుకో, డీసీకో తెలుగులో ఒక అర్జీ ఇద్దాం. 34 నుంచి 44 వరకు సెక్షన్ల సారాన్ని ఒక్క పేజీలో తెలుగులో అచ్చువేసి లైసెన్సు పుస్తకంలో అంటించమని అడుగుదాం.

ఇక చేలో కూర్చున్న ఆ రైతు దగ్గరకు వద్దాం. వైరు పోతోంది. కేక పెట్టు. లైటు వెయ్యి. పక్క తోటవాళ్లను లేపు. 112 కొట్టు. బండి నంబరు చూసుకో. వాడు కొడవలి ఎత్తి మీదకు వస్తే చట్టం నీ పక్కన నిలబడుతుంది. వీపు తిప్పి పారిపోతుంటే తుపాకీ దించు. తెల్లారితే నువ్వు నీ చేలోనే ఉండాలి, కోర్టు బోనులో కాదు.