గల్లాపెట్టె ఒకటే... దారులే నాలుగు!

గోదావరిఖనిలో దుకాణం నడిపేవారికి పండగలు రెండు రకాలు. క్యాలెండర్లో ఉండేవి కొన్నయితే, సింగరేణి జీతాలు పడే రోజు ఇంకొకటి. దసరా ముందు లాభాల వాటా వచ్చిందంటే రెండు పండగలూ కలిసినట్టే. 2025లో కార్మికులకు లాభాల్లో 34 శాతం వాటా, మొత్తం మీద 819 కోట్ల రూపాయలు ప్రకటించారు. అందులో కొంతయినా లక్ష్మీనగర్ బట్టల షాపులకో, చౌరస్తా దగ్గరి మిఠాయి కొట్టుకో చేరక మానదు.

చేరడం సరే, చేరే దారే మారిపోయింది. 2016లో యూపీఐ వచ్చింది. అదే ఏడాది నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాయి. ఇప్పుడు ఒకే కౌంటరు మీద నోట్లు, ఏటీఎం కార్డు, క్రెడిట్ కార్డు, రెండు మూడు యాప్‌ల క్యూఆర్ కోడ్‌లు. రాత్రి షట్టరు దించాక 'ఇవాళ ఎంతొచ్చింది?' అని ఇంట్లో అడిగితే చటుక్కున చెప్పగలిగేవారు ఎందరు?

బొగ్గుబాయి ఊళ్లో దీనికి తోడు ఉద్దెర చిక్కొకటి. నెలంతా సరుకులు పుస్తకంలో రాయించుకుని, జీతం పడగానే కట్టడం ఇక్కడ పాత అలవాటు. ఇదివరకు మనిషే వచ్చి నోట్లు లెక్కపెట్టేవాడు. అతని ముందే బాకీ కొట్టేసేవారు. ఇప్పుడు తండ్రి బాకీని హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లోంచి పంపిస్తాడు. డబ్బొస్తుంది గానీ పేరు వేరు. నెల తిరిగాక 'కట్టినం కదా అన్నా' అని వాళ్లు, 'పుస్తకంలో లేదే' అని వీళ్లు! పోయేది నాలుగొందలు కాదు, ఏళ్లనాటి నమ్మకం. అందుకే డబ్బు పడగానే తేదీ, పంపినవారి పేరు, లావాదేవీ నంబరులో చివరి నాలుగంకెలు పుస్తకంలో రాసుకోవాలి. ఎవరి బాకీయో ఒక్క ముక్క యాప్‌లో రాసి పంపమని చెప్పినా చాలు.

షిఫ్టు వదిలే వేళ కొట్టు ముందు గుంపుంటుంది. ఆ సందట్లో ఎవరో ఫోన్ చూపించి 'పంపిన' అంటే తలూపేయకండి. స్క్రీన్ మీద కనిపించేది బొమ్మ మాత్రమే. స్పీకరు పలకాలి, లేదా మీ ఫోన్‌లో మెసేజీ రావాలి. మీ కోడ్ మీద ఇంకెవరి స్టిక్కరైనా అంటించి ఉందేమో పొద్దున్నే చూసుకోండి. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు. కొట్టమన్నారంటే అది మోసమే. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

కొన్నవారి ఖాతాలో డబ్బు కోసుకుపోయి, మీకు చేరినట్టు ఖరారు కాకపోతే తగవు పడొద్దు. రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన నియమం ప్రకారం అయిదు రోజుల్లోగా అది వారికే తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం.

రుసుముల సంగతీ తెలిసుండాలి. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకి 2020 జనవరి నుంచి వ్యాపారి మీద రుసుము లేదు. క్రెడిట్ కార్డుకి ఉంటుంది. నూటికి నాలుగైదు రూపాయలు మిగిలే సరుకు మీద ఒకటిన్నరో రెండో అలా పోతే మిగిలేదెంత? స్పీకరు పెట్టెకి నెలనెలా కట్టే అద్దె కూడా ఖర్చు కిందే రాయాలి.

అన్నిటికన్నా ముఖ్యం, కొట్టుకి వేరే ఖాతా. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ రాబడి చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులిచ్చారు. కొందరు భయపడి క్యూఆర్ కోడ్‌లు పీకేశారు. బంధువుల దగ్గర తెచ్చిన చేబదులూ, అమ్మకం డబ్బూ ఒకే ఖాతాలో పడితే ఏది ఏదో విడదీసి చూపించడం కష్టం. కోడ్ పీకేస్తే కొనేవాడు పక్క కొట్టుకి పోతాడు. ఖాతా విడదీస్తే ఏ బాధా లేదు.

రోజూ రాత్రి ఒక్క కాగితం మీద నాలుగు గడులు గీయండి. నగదు, యూపీఐ, కార్డు, ఉద్దెర వసూలు. కార్డు సొమ్ము మర్నాడు రుసుము పోను పడుతుంది కాబట్టి దాన్ని మర్నాడు సరిచూడండి. పావుగంట పని. ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే వాళ్లకప్పగించండి. ఇంటి లెక్కా తేలుతుంది, వాళ్లకి లెక్కలూ వస్తాయి!