గోదావరిపై పడవ విహారము: లాభనష్టములు

మన సామర్లకోటవారికి పడవ క్రొత్త గాదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసెను. దానితో వెలసిన కాలువలు పొలములకు నీరిచ్చుటకే గాక పడవలు నడచుటకును ఏర్పఱుపబడినవి. మన పూర్వులు ధాన్యపు బస్తాలతోను, పెండ్లి సామగ్రితోను ఈ కాలువలపైననే ప్రయాణము చేయుచుండిరి. గాలి లేనప్పుడు పడవవారు గట్టున నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. లాకు కడ తలుపులు తెఱచువఱకు అందఱును ఓపికతో వేచియుండెడివారు. అది ప్రయాణమే గాని విహారము గాదు. నేడు మనము పనిలేకయే, సెలవు గడపుటకై పడవ నెక్కుచున్నాము. ఇది మేలా, కీడా యని విచారింతము.

ఈ విచారణకు కారణము కలదు. వచ్చు క్రిస్టమసు సెలవులలో పెద్ద తరగతుల విద్యార్థులను పాపికొండలకు తీసికొనిపోవలెనని మేము తలంచి, తల్లిదండ్రుల సభలో ఆ మాట చెప్పితిమి. అంతట ఒక తల్లి లేచి, “అయ్యా, పిల్లను మీ చేతిలో పెట్టుటకు మాకు భయము లేదు, గోదావరి చేతిలో పెట్టుటకే భయము” అనెను. సభలో ఎవ్వరును నవ్వలేదు. 2019వ సంవత్సరమును మనలో ఎవరును మఱవలేదు.

ముందుగా లాభములను జెప్పుదము. నాసికము చెంత త్ర్యంబకమున పుట్టి, సుమారు 1,465 కిలోమీటర్లు నడచి సముద్రమును జేరు నదిని మన బాలురు పటములో నొక నీలిగీతగా మాత్రమే యెఱుగుదురు. ధవళేశ్వరము కడ సుమారు మూడున్నర కిలోమీటర్ల వెడల్పున పఱచుకొను నీరే, అంతకుముందు పాపికొండల నడుమ ఇఱుకుదారిలో ఒదిగి వచ్చుచున్నది. వెడల్పు తగ్గినచోట నదికి లోతును, వడియు ఎక్కువగుట కన్నులార చూచిన బాలునకు, పది పాఠములలో తెలియనిది ఒక్క పూటలో తెలియును. కొండ లెక్కలేని వృద్ధులు సైతము పడవలో కూర్చుండి కొండలను చూడగలరు. మఱియు ఆ లోయలో చాలచోట్ల సెల్‌ఫోను పనిచేయదు. కావున తండ్రియు కొడుకును ఒకరి ముఖమొకరు చూచి మాటలాడుకొందురు. ఇది చిన్న లాభము గాదు.

ఇక నష్టములు. ధ్వనివర్ధకముల హోరులో నది చప్పుడు వినబడదు. తిని పాఱవేసిన ప్లాస్టిక్కు సంచులు నీటిపై తేలుచుండును. అంతకంటె విచారింపదగిన దొకటి గలదు. విహారి కొండను చూచును గాని, కొండ క్రింది మనుష్యుని చూడడు. పోలవరము కడ నదికి అడ్డుకట్ట వేయబడిన పిదప, 2021లో దేవీపట్నపు ప్రాంతమున పలు గ్రామములు నీట మునిగి, జనులు ఇండ్లు విడిచిరి. ఇప్పుడు లాంచీలు ఆ కట్టకు ఎగువన, గండిపోచమ్మ గుడి కడనుండి బయలుదేరుచున్నవి. ఒకప్పుడు ఊళ్లున్న తావుల ప్రక్కగా సాగుచు, ఆ సంగతి యెఱుగక, “నీరెంత అందముగా నున్నది!” అని సంతోషించుట సగము చూపు మాత్రమే.

అన్నిటికంటె పెద్దది ప్రాణభయము. 2019 సెప్టెంబరు 15వ తేదీ ఆదివారము. నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద పాఱుచుండెను. పాపికొండలకు పోవుచున్న లాంచీ యొకటి కచ్చులూరు కడ మునిగెను. అందున్న 77 మందిలో 26 మంది మాత్రమే ప్రాణములతో బయటపడిరి. వారిలో పలువురిని కాపాడినవారు ఆ గట్టున నివసించు గిరిజనులే. తమ చిన్న పడవలతో వారు ఆ వరదలోనికి వచ్చిరి. విహారులు చూడక పోవు మనుష్యు లెవరో ఇప్పుడు గ్రహింపవచ్చును. లోతున చిక్కిన ఆ లాంచీని కాకినాడవారైన ధర్మాడి సత్యముగారి బృందము అక్టోబరు 22న వెలికి దీసెను.

మునిగినవారిని నిందించుట మా తాత్పర్యము గాదు. లాంచీని విడుచుటకు అనుమతించు వారి బాధ్యతయే మొదటిది. ఆ ప్రమాదము పిదప 2020లో ప్రభుత్వమువారు నదీతీరమున కంట్రోలు గదులను నెలకొల్పిరి. వరద హెచ్చినపుడు లాంచీలను ఆపుచున్నారు. అయినను, ఒకరి కన్ను తప్పినచోట మన కన్నైనను తప్పరాదు గదా! ఎఱ్ఱనీరు సుడులు తిరుగుచుండగా, “రుసుము చెల్లించితిమి, సెలవు మరల దొరకదు, పదిమంది యెక్కుచున్నారు” అను తలంపు ఎవరికైనను కలుగును. ఆ తలంపును జయించుట కష్టము. పదిమందిలో నొక్కడై దిగిపోవుటకు సిగ్గు అడ్డము వచ్చును.

కావున మా యభిప్రాయ మిది. విహారము మానవలసిన పని లేదు. వరద తీసి నీరు తేఱిన పిదప, కార్తీకమునుండి మాఘమువఱకు పోవచ్చును. లాంచీకి ఏర్పఱచిన సంఖ్యకంటె ఒక్కరు ఎక్కువైనను ఎక్కరాదు. ఉక్కగా నున్నదనియో, భోజనమునకు అడ్డమనియో లైఫు జాకెట్టును విప్పరాదు. మరల రేవు చేరువఱకు అది ఒంటిపైననే యుండవలయును. సరంగు మాటను ఆటగా తీసికొనరాదు.

వీటికంటె ముఖ్యమైన నియమము మఱియొకటి గలదు. రేవు చేరిన తరువాత నది తీరు గాని, లాంచీ తీరు గాని బాగుగ లేదని మాలో ఏ యొక్కరికి తోచినను, చిన్న విద్యార్థికి తోచినను సరే, అందఱమును వెనుకకు మరలుదుము. చెల్లించిన రుసుము పోయిన పోవుగాక! ఆ బాలుని ఎవ్వరును పిఱికి యనరాదు. రేవునుండి మరలి వచ్చుటయు విద్యలో నొక భాగమే యని మేము తలంచుచున్నాము.

ఆ తల్లికి మేమిచ్చిన మాట యిదియే. ఆమె కొంతసేపు ఆలోచించి, కుమార్తె పేరును పట్టికలో వ్రాయించెను.