జపాను బడిలో జపాను పాట

సొంత సంగీతానికి సొంత బడిలోనే చోటు లేకుండా చేసుకొనడం వింతగా తోచవచ్చు. మెయిజీ యుగంలో జపాను చేసిన పని అదే. 1879లో ఆ ప్రభుత్వం సంగీత విద్యను గూర్చి పరిశోధించుటకు ఒక సంస్థను నెలకొల్పింది. దానికి అధిపతి ఇసావా షూజీ. మరుసటి ఏడు అమెరికానుండి లూథర్ వైటింగ్ మేసన్ అనే సంగీతోపాధ్యాయుడు వచ్చి ఆయనకు తోడైనాడు. ప్రాచ్య పాశ్చాత్య రీతులను మేళవించాలన్నది సంకల్పం. బడికి చేరినది మాత్రం చాలావరకు పడమటి బాణీయే. 1881 నాటి తొలి పాటల పుస్తకంలోనే ఒక స్కాట్లండు జానపద గీతపు వరుసకు జపాను మాటలు కూర్చారు. ‘హొతారు నొ హికారి’ (మిణుగురుల వెలుగు) అనే ఆ పాట తరతరాల విద్యార్థులకు వీడ్కోలు పాట అయింది.

ఆ వరుస అంత సులువుగా అతుకుటకు కారణం లేకపోలేదు. అందులోనివి ఐదు స్వరాలే. సప్తస్వరాలలో నాల్గవదానిని, ఏడవదానిని విడిచి పాడే ఈ పద్ధతికి జపానువారు ‘యొనానుకి’ అని పేరిడినారు. మన మోహన రాగపు స్వరాలూ ఇవే. గమకాల సొగసు అందులో వెదకరాదు గాని, తెలుగు చెవికి ఆ పాట బొత్తిగా పరాయిది కాదు.

పాత సంగీతపు స్వభావం వేరు. పదమూడు తంతుల కొతొకు, మూడు తంతుల షామిసెన్‌కు, షకుహాచి అనే వెదురు వేణువుకు గురుముఖమే బడి. షకుహాచి వాదకుడు ఊపిరి చప్పుడును సైతం సంగీతంలో చేరుస్తాడు. ధ్వనికీ ధ్వనికీ నడిమి మౌనం ‘మ’ అనే పేరుతో లెక్కకు వస్తుంది. హార్మోనియం మెట్లమీద పట్టువడే విద్య కాదిది. ఈ విద్యలను కాపాడుతూ వచ్చిన అంధ విద్వాంసుల సంఘం, ఫుకె బౌద్ధశాఖ రెండూ 1871లోనే ప్రభుత్వాజ్ఞచే రద్దయినవి.

ఇట్టి దశలో దారి చూపినవారిలో ముఖ్యుడు ఒక అంధుడే కావడం విశేషం. మియాగి మిచియొ (1894-1956) చిన్ననాటనే చూపు కోల్పోయి కొతొ అభ్యసించాడు. మంద్రస్థాయికై 1921లో పదిహేడు తంతుల కొతొను కల్పించాడు. కొతొకు, షకుహాచికి 1929లో ఆయన కూర్చిన ‘హరు నొ ఉమి’ (వసంత సాగరం)లో పడమటి పోకడ స్పష్టంగా వినబడుతుంది. అయినా అందులో పలికేది కొతొ హృదయమే.

తకెమిత్సు తొరు ఎదుటి దిక్కునుండి వచ్చాడు. యుద్ధకాలపు చేదు జ్ఞాపకాలవల్ల ఆయనకు మొదట స్వదేశ సంగీతమంటేనే విముఖత. ‘బున్‌రకు’ తోలుబొమ్మలాటవంటి కొయ్యబొమ్మల నాటకంలోని షామిసెన్ నాదం ఆ మనస్సును మరల్చింది. 1967లో న్యూయార్కు ఫిల్‌హార్మొనిక్ వాద్యబృందపు 125వ వార్షికోత్సవానికి ‘నవంబరు స్టెప్స్’ రచించి, బివా వీణను, షకుహాచిని పాశ్చాత్య వాద్యసమూహానికి ఎదురుగా నిలిపాడు. రెంటినీ కలిపివేయడానికి ఆయన పూనుకొనలేదు. దేనికది నిలిచి పలుకుటలోనే ఆ రచన బలం ఉన్నది.

బడి మాత్రం చాల ఆలస్యంగా కన్ను తెరిచింది. 2002లో అమలుకు వచ్చిన పాఠ్యప్రణాళిక, మాధ్యమిక పాఠశాలలో మూడేండ్లలో ఒక్క స్వదేశ వాద్యమైనా పిల్లల చేతికి అందాలని విధించింది. 1879 మొదలు అప్పటికి గడచినవి 123 సంవత్సరాలు. పియానోమీదనే శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అనేకులు, పిల్లలకంటె ముందు తామే కొతొ ఎదుట శిష్యులై కూర్చుండవలసి వచ్చింది.