పేరు లేని బటన్

మొన్న పాల్వంచలో ఒక షాదీ ఆడియో పని మాట్లాడుకోవడానికి పోయాను. ఆ ఇంటి పెద్దాయన నా పక్కనున్న మా తమ్ముణ్ణి అడిగాడు: "కళ్లు కనపడని భాయ్ కంప్యూటర్‌లో పాట ఎట్ల కట్ చేస్తడు?" నేనక్కడే కూర్చుని ఉన్నాను. నన్ను అడగలేదు. ఈ సవాల్ నాకు కొత్త కాదు గానీ, ప్రతిసారీ నా తరఫున ఇంకెవరో జవాబు చెప్తున్నారు. ఇయ్యాల నేనే చెప్తాను.

నేను మౌస్ పట్టుకోను. కీబోర్డే నా చేతికర్ర. స్క్రీన్ మీదున్నది చదివి చెప్పే ఎన్‌విడిఎ అనే సాఫ్ట్‌వేర్ నా ల్యాప్‌టాప్‌లో మాట్లాడుతుంటుంది. రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డింగు చేస్తాను. బాణం కీలతో ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కి దిగుతాను, స్పేస్ బార్‌తో వింటాను, ఎస్ కొడితే ఆ చోట ముక్క తెగుతుంది. కళ్లున్నవాళ్లు ఆవాజ్‌ని గీతల బొమ్మగా చూసి కోస్తారు. నేను విని కోస్తాను. ఎవరు ఎక్కడ ఊపిరి పీల్చారో, ఏ మాట వెనక ఫ్యాన్ తిరిగిందో ఆ బొమ్మ నాకు చెప్పక్కర్లేదు.

తక్లీఫ్ లేదని కాదు. ఒకేసారి రెండు గొంతులు వినాలి. ఒకటి పాట, ఇంకోటి ఆ పాట గురించి చెప్పే మెషిన్ గొంతు. మొదట్లో ఆ మెషిన్ గొంతు మైకులోకి దూరి, నాత్ పాడే పిల్లగాడి వెనక "ట్రాక్ టూ" అని పలికింది. ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కొన్నిసార్లు రికార్డింగు డ్రైవర్ సౌండ్ కార్డు మొత్తాన్నీ తనే పట్టేసుకుంటుంది. అప్పుడు స్క్రీన్ రీడర్ ఖామోష్. చీకట్లో చేతికర్ర జారిపోయినట్టే. పాటకు ఒక కార్డు, మాటకు ఇంకో కార్డు విడిగా పెట్టుకోవాలని తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. చెప్పే ఉస్తాద్ లేడు మరి.

2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు ఎక్కింది. 1986లో 75.6 అడుగులు వచ్చాక మళ్లీ అంత నీళ్లు అప్పుడే. అక్కడ 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. నీళ్లు ఇంకా ఎక్కుతున్న రోజుల్లో మా మొహల్లా పిల్లలు ఆటోకు మైకు కట్టుకుని, ఇళ్లు ఖాళీ చేయండని తిరిగారు. ఒక పూటకే గొంతులు పోయాయి. నా దగ్గరికొచ్చారు. తెలుగులో నేను చెప్పాను, ఉర్దూలో అమ్మీ చెప్పింది, కోయ భాషలో మా పక్కింటి అక్క చెప్పింది. కరెంటు లేదు. ల్యాప్‌టాప్‌లో గంట బ్యాటరీ ఉంది. అరగంటలో మూడూ కలిపి, వాన చప్పుడు తగ్గించి, తిరిగి తిరిగి మోగేటట్టు చేసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. ఆ రోజు ఎవరూ "ఎట్ల చేస్తడు" అని అడగలేదు. చేయమని అడిగారు, అంతే.

అయినా మళ్లీ అదే మాట వింటుంటాను: "కళ్లు తీసుకున్న ఖుదా చెవులు ఇచ్చిండు." ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ ఆ మాటలో నా మెహనత్ మాయమైపోతుంది. నా చెవులు మీ చెవుల్లాంటివే. పదేళ్లు వాటితో పని చేయించాను, అది హునర్ అయింది. కరామత్ అంటే తాలీమ్ ఇవ్వాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. నేను చదివిన బడిలో హార్మోనియం ఉంది, కుర్చీలు అల్లే తరగతి ఉంది. కంప్యూటర్ గదికి మాత్రం తాళం ఉండేది.

తారీఖ్ తీసి చూస్తే మా చేతులు ఖాళీగా లేవు. లూయీ బ్రెయిల్ చర్చిల్లో ఆర్గన్ వాయించేవాడు. 1829లో, ఇరవై ఏళ్ల వయసులో, తన చుక్కల లిపి మీద పుస్తకం తెచ్చినప్పుడు అందులో అక్షరాలతో పాటు సంగీతాన్నీ పెట్టాడు. ఎన్‌విడిఎని 2006లో మొదలుపెట్టిన మైకేల్ కరన్, ఆయనతో కలిసిన జేమ్స్ టే, ఇద్దరూ చూపు లేని ఆస్ట్రేలియా వాళ్లే. చిన్నప్పుడు అంధ పిల్లల సంగీత శిబిరంలో దోస్తులయ్యారు. రీపర్‌ని మాతో మాట్లాడించే ఒసారా అనే జోడింపును రాయడం మొదలుపెట్టింది కూడా ఆ జేమ్స్ టేనే. ఎన్‌విడిఎ, ఒసారా రెండూ ముఫ్త్. రీపర్‌కి చిన్న సంపాదనవాళ్ల లైసెన్సు 60 డాలర్లు. అంటే మాకు దర్వాజా తెరిచిన వాళ్లలో ఎక్కువమంది మా వాళ్లే.

మరి కంపెనీలు? అసలు గొడవ ఇక్కడుంది. ఒక బటన్‌ని స్క్రీన్ రీడర్ చదవాలంటే, దాని వెనక ఆ బటన్ పేరు రాసి ఉండాలి. "రికార్డ్", "సేవ్", అంతే. రాయకపోతే నాకు వినపడేది "బటన్, బటన్, బటన్". గొంతు మెరుగులు దిద్దే ప్లగిన్లు చాలావాటి కిటికీ మొత్తం ఉత్త బొమ్మే. నాకు అది సున్నం కొట్టిన గోడ. నేను డబ్బు పెట్టి కొన్న ఒకటి, ఒక అప్‌డేట్ తర్వాత పూర్తిగా మూగబోయింది. చేతిలో ఉన్న పని టైముకి ఇవ్వలేక అడ్వాన్సు వాపస్ ఇచ్చాను. ఆ ఇంట్లో ఏమనుకుని ఉంటారు? సాఫ్ట్‌వేర్ చెడిందని కాదు, "పాపం, కళ్లు లేవు కదా" అని. ఇంకొకరి నిర్లక్ష్యం నా కళ్ల ఖాతాలో పడింది.

"మీలాంటోళ్లు ఎంతమంది కొంటారు?" అనేవాళ్లున్నారు. మెట్ల పక్కన వాలుదారి కట్టేటప్పుడు కూడా ఇదే లెక్క చెప్పారు. ఇప్పుడు దాని మీద పిల్లల బండ్లూ పోతున్నాయి, ముసలమ్మలూ పోతున్నారు. కీబోర్డుతో అన్ని పనులూ అయ్యే సాఫ్ట్‌వేర్ కళ్లున్నవాళ్ల చేతుల్లోనూ జల్దీ నడుస్తుంది.

కానూన్ కూడా మా వైపే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 42వ సెక్షన్ సమాచార సాంకేతికత మాకు అందుబాటులో ఉండాలంటుంది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదు, తప్పనిసరి కావాలంది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పులో డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమేనంది. కాగితం మీద హక్ ఉంది. బటన్ మీద పేరే లేదు.

నేను ఖైరాత్ అడగడం లేదు. బటన్‌కి పేరు రాయండి. కొత్త వెర్షన్ వదిలే ముందు స్క్రీన్ రీడర్ వాడే ఒక్కరి చేతికిచ్చి చూడండి, దానికి కూలీ ఇవ్వండి. అంధుల బళ్లలో హార్మోనియం పక్కన ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు పెట్టండి. చూపు లేని ఉస్తాద్‌లనే పెట్టండి. నేను ఆరు నెలలు తడుముకున్న సంగతి ఒక పిల్లకు పది నిమిషాల్లో తెలియాలి.

పాల్వంచ పెద్దాయన పని నాకే ఇచ్చాడు. ఫైలు పంపాక ఫోన్ చేశాడు. ఈసారి మా తమ్ముడికి కాదు, నాకే.

"భాయ్, దుల్హన్ నానీ దువా చదివేటప్పుడు వెనక కుక్కర్ కూత ఉండాలె కదా, ఏమైంది?"

"తీసేసిన చాచా."

"ఎట్ల తీసినవ్?"

చెప్పాను. చివరిదాకా విన్నాడు.