ఇచ్చట మేమందరము క్షేమము

పోయిన ఉగాది సంబరాలకు చందా అడగడానికి మేము వొక యింటికి వెళ్లాము. ఊళ్లో అందరిళ్లకూ వెళ్లినట్టే అక్కడికీ వెళ్లామని చెప్పి తప్పించుకోవచ్చును గాని, నిజం అది కాదు. ఆ యింటివారు యీ యేడు కాస్త పెద్ద మొత్తమే ఇవ్వగలరని మాకు ముందే వొక అంచనా వున్నది. ఆ అంచనాకు ఆధారం మా సెల్‌ఫోను. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న కొడుకు భార్యాబిడ్డలతో బరంపురం వచ్చి యింటినుంచే పని చేసుకుంటున్నాడని అందరికీ తెలుసు. మనుమడి 5వ పుట్టినరోజు హోటల్లో చేశారు. రెండంతస్తుల కేకు, రంగు బుడగలు, కొత్త బట్టలు, అందరి ముఖాల్లో వెలుగు. వాట్సాప్‌లో ఆ ఫొటో చూసి యెంతోమంది దీవించారు. మేమూ దీవించాము. అంతటితో ఆగక మన పత్రికలో ‘కుటుంబ వార్తలు’ పేజీ మీద అచ్చు కూడా వేశాము.

మేము వెళ్లిన రోజున ఆ యింటి పెద్దావిడ, అంటే పిల్లవాని నాయనమ్మ, కూర్చోమని చెప్పి లోపలికి వెళ్లి, కొంచెం ఆలస్యంగానే వచ్చి, రూ. 2,000 మా చేతిలో పెట్టారు. ఆ ఆలస్యం యెందుకయిందో ఆలోచించే తెలివి మాకు అప్పుడు లేకపోయినది. రసీదు మా చేత్తోనే వ్రాసి ఇచ్చాము.

జూన్ మొదటి వారంలో ఆవిడే మా కార్యాలయానికి వచ్చారు. ఎండలో నడిచి వచ్చారు. మంచినీళ్లు తాగి, గదిలో మరెవరూ లేరని చూసుకుని, సంఘం విద్యానిధి నుంచి పిల్లవాని బడి జీతానికి యేమయినా సాయం దొరుకుతుందా అని అడిగారు. దరఖాస్తుల గడువు యేప్రిల్ ఆఖరుతోనే అయిపోయినది. అప్పటికి అబ్బాయికి ఉద్యోగం పోయి 7 నెలలు. ఇంటినుంచి పని అన్న మాట మొదటి రెండు వారాలూ నిజమే. తరువాత ఆ పేరు మాత్రం మిగిలింది. పొద్దున్నే వీధి గదిలో ల్యాప్‌టాప్ తెరుచుకుని అతడు కూర్చుంటున్నది కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి. హోటలు ఖర్చు పిల్లవాని మేనమామ పెట్టుకున్నాడు.

మాకు నోట మాట రాలేదు. “మరి ఆ ఫొటో యెందుకు పెట్టారమ్మా?” అని అడిగాము. అడగకూడని ప్రశ్నే. ఆవిడ కోపం తెచ్చుకోలేదు.

“పెట్టకపోతే యేమయింది, యేమయింది అని అడుగుతారు బాబూ. పెడితే యెవరూ అడగరు.”

ఈ సంగతి వ్రాయవచ్చునా అని ఆవిడనే అడిగాము. పేరూ పేటా తెలియకుండా వ్రాసుకోమన్నారు. కొన్ని గుర్తులు మేమే మార్చాము. కనుక ఫలానావారని కనిపెట్టడానికి పాఠకులు శ్రమపడవద్దు.

ఆనాటి నుంచీ ఆ మాట మమ్మల్ని వదలడం లేదు. ఎందుకంటే ఆ ఫొటోలో అబద్ధమన్నది వొక్కటీ లేదు. పుట్టినరోజు నిజం, కేకు నిజం, పిల్లవాని నవ్వు మరీ నిజం. ఈ సెల్‌ఫోను కాలంలో అందరూ లేని గొప్పలు చూపించుకుంటున్నారని మన పెద్దలు విసుక్కుంటూ వుంటారు. మేమూ వొకటి రెండుసార్లు యీ శీర్షికలోనే విసుక్కున్నాము. ఇప్పుడు చూస్తే లేనిది చూపించేవారు మా యెరుకలో కొద్దిమందే. ఉన్నదానిలో వొక ముక్క చూపించి, మిగిలినది మూసి వుంచేవారమే అందరమూను.

మనవాళ్లకు యీ విద్య సెల్‌ఫోను నేర్పినది కాదు. ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టిన ఉత్తరాలు మన అటకల మీద యెన్ని కట్టలున్నవి! ఇచ్చట మేమందరము క్షేమము, అచ్చట మీరందరూ క్షేమమని తలుస్తాము. మూడురోజుల జ్వరంతో మూలుగుతూ వ్రాసినా మొదటి పంక్తి అదే. అయితే ఆ ఉత్తరాలు చదవడం కూడా వొక విద్యే. మా నాయనమ్మ ఉత్తరం చదివించుకునేటప్పుడు పైనుంచి చదవనిచ్చేది కాదు. “అడుగున యేముందో ముందు చెప్పరా” అనేది. అడుగున ‘తా.క.’ వుండేది. అసలు సంగతి ఆ తాజా కలంలోనే వుండేది. ‘తా.క. వీలయితే ఇరవై రూపాయలు మనియార్డరు చేయగలరు.’ ‘తా.క. అమ్మాయి యిక్కడే వున్నది. అల్లుడుగారు యింకా రాలేదు.’ పైన పేజీన్నర క్షేమమూ మర్యాదకు. అడుగున పంక్తిన్నర మనుష్యులకు.

ఫొటోలూ అంతే. 1936లో ఒరిస్సా వేరుపడక ముందు మన గంజాం జిల్లా మదరాసు రాజధానిలో వున్న కాలంలోనూ, ఆ తరువాత కొన్నేళ్లూ, గోపాలపూర్ రేవులో ఓడ ఎక్కి ‘రంగం’ వెళ్లినవారు మన పేటల్లో యెందరో. రంగూన్‌లో మిల్లుల్లోనూ రేవులోనూ మూటలు మోసినవాడు యింటికి పంపిన ఫొటోలో మాత్రం కోటు తొడుక్కుని, చేతికి గడియారం పెట్టుకుని, స్తంభాల మేడ బొమ్మ వేసిన తెర ముందు నిలబడి వుండేవాడు. కోటూ గడియారమూ స్టూడియోవారివని పెద్దలు చెప్పగా విన్నాము. ఆ ఫొటో చూసి సంబంధాలు కుదిరినవి కూడా. కాని తరువాతి ఓడలో పక్కింటివాడు తిరిగి వచ్చేవాడు. అతడు అరుగు మీద కూర్చుని, ఫలానావాడు యే గదిలో యెంతమందితో పడుకుంటున్నాడో, వొంట్లో యెలా వున్నదో చెప్పేవాడు. కోటు ఫొటోకు ఆ పక్కింటివాడే తాజా కలం. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపానువారి బాంబులు పడి, 1942లో వేలాదిమంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినప్పుడు, ఆ ఫొటోల వెనుక జీవితం యెటువంటిదో చాలా యిళ్లకు యింకా స్పష్టంగా తెలిసింది. కట్టుబట్టలతో వచ్చినవారిని ఆ యిళ్లే తీసుకున్నవి.

మన ఠాకురాణి యాత్రలో రెండేళ్లకొకసారి వేషాలు కడతారు గదా. పులివేషం కట్టినవాణ్ణి చూసి యెవరూ పులి అనుకోరు. మొక్కు తీర్చుకుంటున్నాడని తెలిసి దణ్ణం పెట్టుకుంటారు. వేషం వేషమని అటువారికీ యిటువారికీ తెలిసినంతసేపు అందులో మోసం లేదు.

సెల్‌ఫోనులో వచ్చిన తేడా అక్కడే వున్నదని మాకు తోస్తుంది. వాట్సాప్‌లో 24 గంటల్లో మాయమయ్యే ఫొటో ‘స్టేటస్’ 2017 ఫిబ్రవరిలో వచ్చినది. పెట్టినవారికి యెవరెవరు చూశారో జాబితా కనబడుతుంది (చూడని చుట్టాల మీద అలగడానికి అదొక సదుపాయం). ఫేస్‌బుక్‌లో ‘లైకు’ బొటనవేలు 2009లోనే వచ్చినది. ఆ లెక్క మనుష్యులను వేధిస్తున్నదని గోల పుట్టి, 2021లో ఇన్‌స్టాగ్రామ్‌వారు ఇష్టమయినవారు లెక్క దాచుకునే వీలు కల్పించారు. దాచుకున్నవారు మా చుట్టాల్లో వొక్కరూ లేరు. ఇక ముఖం తెల్లబరిచి, గడ్డం సన్నబరిచే ఫిల్టర్ల మాట చెప్పనవసరం లేదు. నార్వే దేశంలో ప్రకటనల ఫొటోల్లో శరీరాన్ని దిద్దితే, దిద్దినట్టు గుర్తు వేయాలని 2021లో చట్టం చేశారు, 2022 జూలై నుంచి అమలు. పెళ్లి సంబంధాల ఫొటోలకు మన సంఘం అటువంటి నియమం పెడితే వచ్చే సంచికలో ఆ పేజీ ఖాళీగా వేసుకోవలసినదే.

ఇవన్నీ పైపై సంగతులు. 2011లో అలెగ్జాండర్ జోర్డాన్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ అమెరికాలో కళాశాల విద్యార్థులను పరిశీలించి వొక వ్యాసం ప్రకటించారు. తోటివారికి వచ్చే కష్టాలూ దిగుళ్లూ యెన్నో ఆ విద్యార్థులు సరిగా ఊహించలేకపోయారు. ఉన్నవాటికన్న తక్కువగా అంచనా కట్టారు. ఎదుటివారి దిగులును అలా తక్కువ చేసి లెక్క కట్టినవారిలోనే ఒంటరితనం యెక్కువగా కనిపించినది. మనుష్యులు నలుగురిలో నవ్వుతారు, దిగులు పడేది తలుపు వేసుకుని. అందుచేత తలుపు వేసుకున్న ప్రతివారికీ లోకంలో తలుపు వేసుకున్నది తామొక్కరేనని తోస్తుంది. మా కార్యాలయానికి వచ్చిన పెద్దావిడ కూడా అదే అన్నారు: “మన సంఘంలో యిలా మాకొక్కరికే వచ్చింది బాబూ.” ఆ మాట తప్పని మాకు తెలుసు. ఈ యేడు విద్యానిధి దరఖాస్తుల కట్ట మా బల్ల సొరుగులోనే వున్నది. కాని ఆ కట్టలోని పేర్లు చెప్పి ఆవిడను ఓదార్చడానికి వీలు లేదు గదా.

ఈ వ్యాసం చిత్తుప్రతి మా ప్రూఫులు దిద్దే అమ్మాయికి చూపించాము. ఇరవైనాలుగేళ్ల పిల్ల. చదివి పెదవి విరిచింది.

“అయితే యేం చెయ్యమంటారు మాస్టారూ? ఉద్యోగం పోయిందని స్టేటస్ పెట్టమంటారా? రేపు ఉద్యోగమిచ్చేవాడు చూస్తాడు, అప్పిచ్చినవాడు చూస్తాడు, ఆడపిల్లనిచ్చినవారు చూస్తారు. మా స్నేహితురాలు వాళ్ల నాన్నగారికి వొంట్లో బాగా లేదని పెడితే యెనభైమంది దణ్ణం బొమ్మలు పంపారు. ఆసుపత్రికి వచ్చినవారు యిద్దరు. అందులో వొకరు యింటి ఓనరు, అద్దె కోసం.”

ఆ పిల్ల చెప్పినది కొట్టివేయడానికి లేదు. కష్టాన్ని బజారులో పరచమని మేము అనలేము. పరచినా అదీ వొక ఫొటోయే అవుతుంది, దానికీ బొటనవేళ్ల లెక్క వుంటుంది. పరువు కోసం మూసుకున్న తలుపును బయటినుంచి తోసేవాడు హితుడు కాడు.

అయితే ఆలోచించగా మాకు తప్పు పెట్టినవారిలో కంటె చూసినవారిలో యెక్కువగా కనిపించింది. చూసినవారిలో మొదటి పేరు మాదే. వెనుక మనలో చూడబోవడమన్నది వొకటుండేది. పని లేకపోయినా చుట్టాల యింటికి వెళ్లి గంటసేపు కూర్చోవడం. మా మేనత్త వొకావిడ యే యింటికి వెళ్లినా నేరుగా వంటింట్లోకి నడిచి, మాట్లాడుతూనే బియ్యం డబ్బా మూత తీసి చూసేది. ఆ పెత్తనం అందరికీ నచ్చేది కాదు. మా యింట్లోనూ నచ్చేది కాదు. కాని ఆవిడ వచ్చి వెళ్లిన మర్నాడు, డబ్బా అడుగంటిన యింటికి యెవరి చేతనో వొక కుంచెడు బియ్యం చేరేది. ఎవరు పంపారో యెవరూ అడిగేవారు కారు, చెప్పేవారు కారు. ఇప్పుడు మేము రాత్రి పడుకోబోయే ముందు నలభై యిళ్ల స్టేటస్‌లు నాలుగు నిమిషాల్లో చూసి, నలభై యిళ్లకూ వెళ్లి వచ్చినంత తృప్తిగా దీపం ఆర్పుతున్నాము. ఆ పెద్దావిడ యింటి ఫొటో చూశాము గనుకనే ఆ యింటి సంగతి మాకు తెలుసుననుకున్నాము. అసలు ఫొటోయే లేకపోతే, చందాకు వెళ్లినప్పుడు యేమమ్మా, అబ్బాయి యెలా వున్నాడని కూర్చుని అడిగి వుండేవారమేమో.

మరొక సంగతి చెప్పుకోవాలి. మన ‘కుటుంబ వార్తలు’ పేజీ గడచిన 12 సంచికలవీ తీసి చూశాము. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, ర్యాంకులు, పదోన్నతులు, విదేశయాత్రలు. మరణవార్తలు తప్ప కష్టమన్నది ఆ పేజీలో యెక్కడా లేదు. బయట మనిషి యెవరయినా ఆ 12 పేజీలూ చదివితే, బరంపురం తెలుగువారికి చావు తప్ప మరే యిబ్బందీ లేదనుకుంటాడు. వాట్సాప్‌వారిని అని యేం లాభం? వారు వేసినది 24 గంటల్లో పోతుంది. మేము వేసినది బైండు చేసి బీరువాలో పెట్టుకుంటున్నాము.

విద్యానిధి కార్యవర్గం గడువు సంగతి పక్కన పెట్టి, పేరు చదవకుండా దరఖాస్తు ఆమోదించింది. జీతం సంఘమే నేరుగా బడికి కట్టినది. ఉగాదినాడు పుచ్చుకున్న రూ. 2,000 తిరిగి ఇవ్వబోతే ఆవిడ చేయి వెనక్కి తీసుకున్నారు. “రసీదు ఇచ్చేశారు గదా” అన్నారు. ఆ డబ్బు యెక్కడిదని అడిగే ధైర్యం మాకు లేకపోయినది. అబ్బాయికి యింకా ఉద్యోగం దొరకలేదు. కంప్యూటరు పనిలో అనుభవం వున్నవారు కావలసిన పాఠకులెవరయినా వుంటే మా కార్యాలయానికి తెలియజేయవచ్చును. వివరాలు మా దగ్గర వుంటవి.

ఈ సంచిక ‘కుటుంబ వార్తల’కు తొమ్మిది ఫొటోలు వచ్చినవి. అచ్చుకు పంపేముందు తొమ్మిది యిళ్లకూ ఫోను చేసి, ఫొటో సంగతి గాక వూరికే యెలా వున్నారని అడిగాము. ఏడిళ్లవారు యిదేమి కొత్త అని నవ్వి, వాన సంగతీ కూరల ధరలూ చెప్పారు. రెండిళ్లలో మాట మధ్యలో కొంచెంసేపు ఆగినది. ఆ రెండిళ్లకూ యీ ఆదివారం వెళుతున్నాము. చందా పుస్తకం తీసుకుపోవడం లేదు.