బడి నిఘా బడి గేటు దాటకూడదు



షిఫ్టు దిగాక మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ మన టిఫిన్ డబ్బా తెరిచి చూస్తాడు. అవమానమే అయినా ఓర్చుకుంటున్నాం. అదే వాచ్‌మన్ రాత్రిపూట మన ఇంటి కిటికీలోంచి తొంగిచూస్తే ఊరుకుంటామా? మన పిల్లల విషయంలో మాత్రం ఎందుకు ఊరుకోవాలి?

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లోయర్ మెరియన్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడి ప్రభుత్వ హైస్కూలు పిల్లలకు లాప్‌టాప్‌లు పంచారు. పోయిన లాప్‌టాప్‌లను వెతకడానికని, దూరం నుంచే కెమెరాతో ఫొటోలు తీసే ఏర్పాటు అందులో పెట్టారు. తల్లిదండ్రులకు ఆ సంగతి చెప్పలేదు. బీమా రుసుము కట్టకుండా ఇంటికి పట్టుకుపోయాడని ఒక కుర్రాడి లాప్‌టాప్ మీద ఆ నిఘా పెట్టారు. 2009 నవంబరులో అతన్ని పిలిచి, సొంత ఇంట్లో తీసిన అతని ఫొటోనే చూపించారు. చేతిలో ఉన్నవి మత్తు బిళ్ళలని అనుమానం. అవి మిఠాయి బిళ్ళలని ఆ కుటుంబం చెప్పింది. 2010 ఫిబ్రవరిలో వాళ్ళు కోర్టుకెక్కారు. విచారణలో 50 వేలకు పైగా చిత్రాలు బయటపడ్డాయి! ఆ అక్టోబరులో 6 లక్షల 10 వేల డాలర్లిచ్చి రాజీ చేసుకున్నారు.

అది అమెరికా, మనకెందుకు అనుకోవద్దు. 2020లో కరోనా వచ్చి మన పిల్లల చదువును కూడా ఫోనులోకి తెచ్చింది. మన ఇళ్ళలో చాలాచోట్ల ఫోను ఒక్కటే. బడి చెప్పిన యాప్ ఆ ఫోనులో కెమెరాకు, మైకుకు, ఉన్నచోటుకు అనుమతి అడిగితే, అది ఒక్క పిల్లవాడి సంగతి కాదు. యూనియన్ మీటింగు కబురు వచ్చేది కూడా ఆ ఫోనుకే!

ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో 9 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. 2023 నాటి డేటా రక్షణ చట్టం పిల్లల కదలికలపై నిఘా కూడదంది. 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు చదువు కోసం, పిల్లల భద్రత కోసం అయితే బడులకు మినహాయింపు ఇచ్చాయి. పైగా వీటి అమలుకు 18 నెలల గడువు! భద్రత అనే మాటకు హద్దు ఎవరు గీస్తారు?

తప్పు చేయనివాడికి భయమెందుకని కొందరు అడుగుతున్నారు. మగ్గాల మీద కెమెరాలు పెట్టినప్పుడు యజమానులు అనే మాట కూడా ఇదే! ఇంటర్నెట్‌లో పిల్లలకు ప్రమాదాలున్నాయి, కాదనం. బడి కంప్యూటర్‌లో, బడి వేళలో, అందరికీ చెప్పి చెడు సైట్లు ఆపండి. కానీ ఎవరో చూస్తున్నారని తెలిసిన పిల్ల, తనను కొట్టిన మాస్టారి గురించి స్నేహితురాలికైనా రాయగలదా?

అందుకే మన డిమాండ్లు ఇవి. ఏం చూస్తున్నారో, ఎవరు చూస్తున్నారో, ఎన్నాళ్ళు దాస్తారో తెలుగులో రాసి ఇవ్వాలి. బడి వేళ దాటాక నిఘా ఆగాలి. సంతకం పెట్టని తల్లిదండ్రుల పిల్లలను చదువుకు దూరం చేయకూడదు.

చదవకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయకండి. అర్థం కాకపోతే యూనియన్ ఆఫీసుకు పట్టుకురండి. ఒక్కరుగా అడిగితే కసురుతారు. పదిమందిమి వెళ్ళి అడుగుదాం!